తెడ్డు వదలని జీవితము: ఎమీ జెంట్రీ గారు (1903-1976)

పడవ అంటే మనవారికి బ్రతుకుతెరువు. రేవు దాటించడానికి పడవ, వల వేయడానికి పడవ, ఒకప్పుడు కాలువల వెంట ధాన్యము చేరవేయడానికి పడవ. అటువంటి పడవను పందెము కొరకు నడపడము, అందునా ఒక స్త్రీ తన జీవితమంతా ఆ పనికే ఇవ్వడము మన చదువరులలో కొందరికి వింతగా తోచవచ్చును. శతవార్షిక సంచికలో ఇటువంటి జీవితమునకు చోటెందుకని అడిగేవారు కూడా ఉండవచ్చును. వారు కొంచెము ఓపికతో చివరి వరకు చదవాలని కోరుచున్నాము.

పందెములు గెలిచినవారి చరిత్రలు లోకములో కొల్లలుగా ఉన్నవి. ఇంగ్లండు దేశస్థురాలు ఎమీ జెంట్రీ గారి జీవితము వేరు. ఆమె విజేతగా నిలిచినది మూడు సంవత్సరాలు. ఇతరులు పందెములో నిలువగలిగేటట్లు దారి వేసినది నలభై సంవత్సరాలకు పైగా. ఆ మూడు సంవత్సరాలను గురించి కొద్దిగాను, ఆ నలభై సంవత్సరాలను గురించి ఎక్కువగాను చెప్పాలని మా ఉద్దేశము.

ఆ కాలపు ఇంగ్లండు

జెంట్రీ గారు 1903 జూలై 26న జన్మించారు. ఆమె పుట్టిననాటికి ఇంగ్లండులో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేదు. 1918లో ముప్పై ఏండ్లు నిండిన స్త్రీలకు, అదియును కొన్ని షరతులతో, ఓటు వచ్చినది. పురుషులతో సమానముగా ఇరవైఒక్క ఏండ్లకే ఓటు 1928లో గాని రాలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టాలివ్వడము 1920లో మొదలుపెట్టినది. కేంబ్రిడ్జి అయితే 1948 వరకు ఆగినది.

పడవ పందెముల లోకము అంతకంటె బిగుసుకొని ఉండేది. ఆ దేశములో ఈ క్రీడను నడిపించే అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషను వారు ఒక నియమము పెట్టుకొన్నారు. చేతిపని చేసి బ్రతికేవారు, అనగా కూలీలు, వడ్రంగులు, యంత్రములు బాగుచేసేవారు మొదలైనవారు వారి పందెములలో పాల్గొనరాదు. ఒళ్లు వంచి పనిచేసేవాడికి బలము ఎక్కువ ఉంటుంది గనుక దొరబిడ్డలకు అన్యాయము జరుగుతుందని వారు చెప్పిన కారణము. ఈ నియమము 1937 వరకు పోలేదు. పనివారికే చోటు లేని ఆ లోకములో ఆడవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను ఒకరిద్దరు పెద్దలు ఎదురు నిలిచారు. వారిలో ముఖ్యుడు డాక్టరు ఫర్నివల్ గారు. ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువునకు మొదట పునాది వేసిన పండితులలో ఆయన ఒకరు. తెల్లని గడ్డముతో ముసలితనములో కూడా పడవ నడిపిన మనిషి. 1896లో లండనులోని హేమర్‌స్మిత్ వద్ద ఆయన బాలికల కొరకు ఒక పడవ క్లబ్బు స్థాపించారు. టీ దుకాణములలో వడ్డించే అమ్మాయిలను పిలిచి వారి చేతికి తెడ్లిచ్చారు. ఇంగ్లండులో ఆడవారి పడవ క్లబ్బులకు అది తొలి మెట్టు.

వేబ్రిడ్జి రేవు

లండనుకు నైరుతి దిక్కున, వే అనే చిన్న నది వచ్చి థేమ్స్ నదిలో కలిసేచోట వేబ్రిడ్జి అనే ఊరు ఉన్నది. ఆ ఊరి పేరు ఆ నది మీది వంతెనను బట్టి వచ్చినదే. అక్కడ పురుషులకు ఒక పడవ క్లబ్బు ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత, 1920లో, ఆ క్లబ్బులో ఆడవారికి ఒక విభాగము ఏర్పడినది. జెంట్రీ గారు ఈ క్రీడలో అడుగుపెట్టినది అక్కడే. అప్పటికామెకు పదిహేడేండ్లు.

ఈ క్రీడ ఎటువంటిదో రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. పందెపు పడవ మన నాటు పడవ వంటిది కాదు. సన్నగా, పొడవుగా ఉంటుంది; ఆ కాలములో పలుచని చెక్కతో చేసేవారు. అందులో కూర్చున్నవారు పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. వారి క్రింది పీట చిన్న చక్రముల మీద ముందుకు వెనుకకు జారుతుంది. అందుచేత చేతుల బలముకంటె కాళ్ల బలము, నడుము బలము ఎక్కువ కావాలి. ఒక్కొక్కరు రెండేసి చిన్న తెడ్లు పట్టితే దానిని స్కల్లింగ్ అంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పెద్ద తెడ్డు పట్టి నలుగురు గాని ఎనిమిదిమంది గాని కలిసి వేసే పడవలు వేరు. ఎనిమిదిమంది పడవలో తొమ్మిదవ మనిషి చుక్కాని పట్టి, పాటకు తాళము వేసినట్లు అందరికీ లయ చెబుతూ ఉంటారు. ఎనిమిది తెడ్లు ఒకేసారి నీటిలో దిగి ఒకేసారి లేవాలి. ఒక్క తెడ్డు ఆలస్యమైతే పడవంతా కుదుపు తింటుంది.

జారే పీట, పొడవైన గౌను ఒకదానికొకటి సరిపడవు. గౌను అంచు చక్రములలో చిక్కుకొంటుంది. ఆ కాలపు ఆడవారికి ఇది చిన్న సమస్య కాదు. పొట్టి బట్టలు కడితే ఒడ్డున ఉన్నవారు నవ్వుతారు. పొడవు బట్టలు కడితే పడవ సాగదు. దీనికి తోడు గట్టిగా తెడ్డు వేస్తే ఆడవారి ఆరోగ్యము చెడిపోతుందని, పిల్లలు పుట్టరని చెప్పే వైద్యులు కూడా ఉండేవారు. బావి నుండి రోజుకు ఇరవై బిందెలు మోసే మన తల్లులను ఆ వైద్యులు చూసి ఉంటే ఏమనేవారో మాకు తెలియదు.

1923లో ఆడవారి క్లబ్బులు కొన్ని చేరి తమకంటూ ఒక సంఘము పెట్టుకొన్నవి. అదే విమెన్స్ అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషను. మూడేండ్ల తరువాత, 1926లో, జెంట్రీ గారు వేబ్రిడ్జిలో ఆడవారి కొరకే ప్రత్యేకముగా ఒక క్లబ్బు స్థాపించారు. పురుషుల క్లబ్బులో ఒక మూలనున్న విభాగము ఇప్పుడు సొంత పేరు, సొంత లెక్కలు, సొంత బాధ్యత గల సంస్థ అయినది. అప్పటికి ఆమె వయసు సుమారు ఇరవైమూడు.

సంస్థను పెట్టడము ఒక దినము పని. దానిని నిలబెట్టడము ఒక జీవితము పని. సంఘములో ఖజానా పుస్తకము చేతబట్టినవారికి, కమిటీలో కూర్చున్నవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. పడవ కొనాలంటే చందాలు రావాలి. చందాలు రావాలంటే సభ్యులుండాలి. సభ్యులు రావాలంటే పడవ ఉండాలి. ఈ చక్రము తిరగడానికి ఎవరో ఒకరు ముందుగా చేయి వేయాలి. వేబ్రిడ్జిలో ఆ చేయి జెంట్రీ గారిది.

పోటీ అనరాని పోటీ

1927 మార్చిలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థినులు మొదటిసారి పడవ పందెములో తలపడ్డారు. దానిని పందెము అనడానికి కూడా పెద్దలు ఒప్పుకోలేదు. రెండు పడవలు ప్రక్కప్రక్కన పోరాదని, ఒకదాని తరువాత ఒకటి విడిగా పోవాలని, కాలముతో పాటు తెడ్డు వేసే తీరు ఎంత అందముగా ఉన్నదో కూడా చూసి తీర్పు చెప్పాలని షరతులు పెట్టారు. ఆడపిల్లలు ఒకరితో ఒకరు పోటీ పడడము మర్యాద కాదని వారి భావము. ఒడ్డున గుమిగూడినవారిలో ఎగతాళి చేసినవారే ఎక్కువ. ఆ రెండు జట్లు నిజముగా ప్రక్కప్రక్కన పోటీ పడడానికి 1935 వరకు పట్టినది.

విద్యార్థినుల పరిస్థితి ఇదికాగా, క్లబ్బుల ఆడవారు మాత్రము అందము కొరకు కాక గెలుపు కొరకే తెడ్డు వేశారు. అదే 1927లో థేమ్స్ మీద ఎనిమిదిమంది పడవల పందెములో వేబ్రిడ్జి ఆడవారు ఏస్ అనే మరియొక మహిళా క్లబ్బుతో తలపడ్డారు. రెండు పడవలతో మొదలైన ఆ పందెము 1930 నాటికి ఐదు పడవల పందెమైనది. నేటికీ అది ప్రతి ఏటా లండనులో జరుగుచున్నది. ఇప్పుడు అందులో వందలాది పడవలు పాల్గొంటున్నవి. ఆ రెండు పడవలు లేకపోతే ఈ వందలు లేవు.

జెంట్రీ గారి స్వంత విజయము ఒంటరి పడవలోనిది. రెండు తెడ్లు, ఒక మనిషి. ముందు ఎవరూ లేరు, వెనుక ఎవరూ లేరు, తప్పు జరిగితే నింద వేయడానికి కూడా ఎవరూ లేరు. 1932, 1933, 1934 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఆమె ఇంగ్లండులో మహిళా స్కల్లింగ్ ఛాంపియనుగా నిలిచారు. ఆ తరువాత ఓటమి ఎరుగకుండానే ఆ పందెము నుండి విరమించారు. అప్పటికామెకు ముప్పైఒక్క ఏండ్లు.

చాలామంది జీవితచరిత్ర ఇక్కడితో ముగిసేది. కప్పు అలమరలో పెట్టి, పెద్దయిన తరువాత మనవలకు చూపించి, అందరూ మెచ్చుకొంటూ ఉండగా దినములు గడిపేవారు. ఈమె మాత్రము ఒడ్డుకు చేరి, పడవ దిగి, వెనుక వచ్చేవారి కొరకు మళ్లీ నీటి దగ్గరకే వెళ్లారు.

ఒడ్డున నిలిచిన గురువు

శిక్షకురాలి పని బయటికి కనబడదు. పందెము రోజున పేపరులో పేరు వచ్చేది తెడ్డు వేసినవారిది. దానికి ముందు నెలల తరబడి చలిలో, వానలో ఒడ్డున నిలిచినవారి పేరు రాదు. కొత్తగా వచ్చిన అమ్మాయికి మొదట పడవలో కాలు ఎక్కడ పెట్టాలో చెప్పాలి. పలుచని అడుగు మీద కాలు పడితే పడవ పాడవుతుంది. తరువాత తెడ్డు నీటిలో ఎంత లోతు దించాలో, ఎప్పుడు పైకి తీయాలో, గాలికి అడ్డు రాకుండా దానిని ఎలా తిప్పాలో చెప్పాలి. చేతులు బొబ్బలెక్కి ఏడ్చినవారిని ఊరడించాలి. బలముగలవారు తొందరపడితే ఆపాలి, బలహీనులు వెనుకబడితే ఆగాలి. ఎనిమిదిమంది ఒక్కరిగా కదిలేవరకు ఈ పని చేస్తూనే ఉండాలి. వారు నేర్చుకొని వెళ్లిపోతే మరుసటి ఏడు కొత్తవారితో మళ్లీ కాలు ఎక్కడ పెట్టాలో అన్నదగ్గర నుండి మొదలుపెట్టాలి.

జెంట్రీ గారు తన క్లబ్బులో ఈ పని చేశారు. దానితోపాటు మహిళా సంఘము బాధ్యతలను కూడా భుజముల మీద వేసుకొన్నారు. ఉత్తరాలు వ్రాయడము, పందెములు ఏర్పాటు చేయడము, నియమములు సరిచూడడము, క్లబ్బుల మధ్య తగవులు తీర్చడము మొదలైన పనులు. పగలు ఉద్యోగము, మిగిలిన కాలము నది.

యుద్ధకాలము

ఆమె ఉద్యోగము వేబ్రిడ్జిలోని విక్కర్స్ విమానముల కంపెనీలో. అక్కడ బార్నెస్ వాలిస్ అనే ప్రసిద్ధ ఇంజనీరు వద్ద ఆమె సెక్రటరీ. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు ఆ కర్మాగారము శత్రువుల కంటబడినది. 1940 సెప్టెంబరు 4న అక్కడ బాంబులు పడి 80 మందికి పైగా పనివారు మరణించారు.

1942లో వాలిస్ గారు ఒక కొత్త ఆయుధమును గురించి ఆలోచించారు. పిల్లలు చెరువులో పెంకు విసిరితే అది నీటి మీద గెంతుతూ పోవడము మనమందరము చూసినదే. అలాగే నీటి మీద గెంతుతూ పోయి ఆనకట్టకు తగిలి, నీటిలో మునిగి, గోడ ప్రక్కనే పేలే బాంబు చేయాలని ఆయన ఆలోచన. మొదట తన ఇంటి పెరటిలో నీళ్లతొట్టి పెట్టి, పిల్లలు ఆడుకొనే గోళీలతో పరీక్షించి చూశారు. తరువాత సిల్వర్‌మియర్ అనే సరస్సు మీద చిన్న గుండ్లు ప్రయోగించి చూశారు. ఆ సరస్సు మీద పడవ నడపడానికి నేర్పరి కావలసి వచ్చినది. తన సెక్రటరీని మించిన నేర్పరి ఆయనకు ఎక్కడ దొరకుతారు? ఛాంపియను తెడ్డు ఆ విధముగా యుద్ధపు పనిలో దిగినది.

1943 మే 16 రాత్రి 19 విమానములు ఆ బాంబులతో జర్మనీ ఆనకట్టల మీదికి వెళ్లినవి. రెండు పెద్ద ఆనకట్టలు తెగినవి. విమానములలో వెళ్లినవారిలో 53 మంది చనిపోయారు. వరదలో క్రింది ఊళ్లవారు వెయ్యిమందికి పైగా కొట్టుకుపోయారు. వారిలో జర్మనులు బలవంతముగా తెచ్చి పనిచేయించుకొంటున్న పరదేశి స్త్రీలు కూడా అనేకులు ఉన్నారు. ఆ దేశములో ఈ కథను వీరగాథగా చెప్పుకొంటారు. గోదావరి వరదలు ఎరిగిన మనము చనిపోయిన వారిని కూడా తలంచుకొనకుండా దానిని చెప్పలేము. వాలిస్ గారు కూడా తిరిగిరాని ఆ యువకుల కొరకు జీవితాంతము దుఃఖించినట్లు ప్రసిద్ధము.

యుద్ధము ముగిసినది. జెంట్రీ గారు మళ్లీ థేమ్స్ ఒడ్డుకు వచ్చారు.

ఐరోపా వేదిక మీద

పురుషుల ఐరోపా పడవ పందెములు 1893 నుండి జరుగుచున్నవి. మహిళలకు అటువంటి పందెములు నడపవచ్చునా అని పరీక్షించడానికి అంతర్జాతీయ సంఘము వారు 1951లో ఫ్రాన్సులోని మాకోన్‌లో ఒక పోటీ జరిపారు. చివరకు 1954లో ఆమ్‌స్టర్‌డాములో మహిళల మొదటి ఐరోపా ఛాంపియన్‌షిప్ జరిగినది. పురుషులకును మహిళలకును మధ్య అరవై ఒక్క సంవత్సరాల ఎడము. పురుషులకు 2,000 మీటర్ల దూరమైతే మహిళలకు 1,000 మీటర్లు మాత్రమే పెట్టారు. ఈ భేదము 1985లో గాని పోలేదు.

1960లో ఈ పందెములు ఇంగ్లండుకు వచ్చినవి. లండనులోని వెల్ష్ హార్ప్ అనే జలాశయము మీద జరిగినవి. ఆతిథ్యమిచ్చిన మహిళా సంఘము వద్ద డబ్బు తక్కువ, పని ఎక్కువ. ఆ భారము మోసిన పెద్దలలో జెంట్రీ గారు ఒకరు. ఆ కాలములో ఆ పందెములలో సోవియట్ రష్యా మహిళలదే పైచేయి. వారి వెనుక ప్రభుత్వము ఉండేది. ఇంగ్లండు అమ్మాయిల వెనుక వారి వారి క్లబ్బులు, చందా డబ్బులు, సెలవు దినములు ఉండేవి.

రెండు సంఘములు ఒకటగుట

1960ల తొలి సంవత్సరాలలో ఒక పెద్ద ప్రశ్న వచ్చినది. ఆడవారి సంఘము ప్రత్యేకముగా ఉండవలెనా, లేక పురుషుల సంఘములో కలసిపోవలెనా? దశాబ్దముల తరబడి తమను లోనికి రానివ్వనివారి ఇంటిలోనికి ఇప్పుడు వెళ్లాలి. వెళ్లితే డబ్బు, శిక్షణ, గుర్తింపు దొరకవచ్చును. కాని నలభై ఏండ్లు పెంచుకొన్న స్వతంత్రము పోతుంది. వేర్వేరు సంఘములు ఒకటి కావడములోని సంతోషము, దానిలోని బాధ మన చదువరులకు కొత్త కాదు. పెద్ద ఇంటిలో చేరినప్పుడు చిన్న ఇంటి పేరు మరుగునపడుతుందేమోనన్న భయము సహజమైనది.

ఆడవారు కలసిపోవడానికే నిర్ణయించుకొన్నారు. జెంట్రీ గారు బయట నిలిచి విమర్శించేవారిలో చేరలేదు. లోపలికి వెళ్లి, ఆ ఉమ్మడి సంఘములో మహిళల కమిటీకి అధ్యక్షురాలుగా పనిచేశారు. 1969లో ఆమె సేవలకు బ్రిటిషు ప్రభుత్వము ఓ.బి.ఇ. అనే గౌరవమునిచ్చినది. ఈ గౌరవము వచ్చినది ఆమె ఛాంపియను అయిన ముప్పై అయిదేండ్లకు. అనగా అది కప్పులకు ఇచ్చినది కాదు, ఆ తరువాతి కాలమునకు ఇచ్చినదని మేము తలంచుచున్నాము.

ఒక నెల తక్కువ

ఒలింపిక్ క్రీడలలో పురుషుల పడవ పందెములు 1900లో మొదలైనవి. మహిళలకు ఆ ద్వారము 76 సంవత్సరాలు మూసే ఉన్నది. చివరకు 1976లో కెనడాలోని మాంట్రియల్ ఒలింపిక్సులో మహిళలకు ఆరు పందెములు పెట్టారు. అవి జూలై నెలలో జరిగినవి. బ్రిటను నుండి ఇద్దరి పడవ ఒకటి, నలుగురి పడవ ఒకటి ఆ నీటి మీద తెడ్డు వేసినవి.

జెంట్రీ గారు 1976 జూన్ 11న మరణించారు. ఇంకొక నెలా కొద్ది దినములు బ్రతికి ఉంటే చూసేవారు. నెబో కొండ మీద నిలిచిన మోషే కథ మన సంఘములో చిన్నపిల్లలకు కూడా తెలుసు గనుక ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. నడిపించినవారు ఒకరు, ప్రవేశించినవారు వేరొకరు.

మాంట్రియలులో ఆ బ్రిటిషు పడవలకు పతకములు రాలేదు. మొదటి పతకము 2000లో సిడ్నీలో వెండి పతకముగా వచ్చినది. మొదటి బంగారు పతకము 2012లో స్వదేశములోనే, లండను ఒలింపిక్సులో, ఇద్దరు మహిళల పడవకు వచ్చినది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మహిళల పందెము పురుషుల పందెముతో పాటు అదే దినమున, అదే థేమ్స్ మీద, అదే దూరము 2015లో జరిగినది. ఒకనాడు అందమునకు మార్కులు వేసిన పందెమును ఈనాడు లక్షలాది ప్రజలు చూస్తున్నారు.

మా మాట

ఈ జీవితమును వ్రాయడానికి మాకు ఒక సొంత కారణము కూడా ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితము ఒక యువజన కూటములో మేము ఆటల పోటీలు జరిపించాము. మగపిల్లలకు పరుగు పందెము, వాలీబాల్, కబడ్డీ. ఆడపిల్లలకు చెంచాలో నిమ్మకాయ పెట్టుకొని నడవడము, కుర్చీల ఆట. ఒక అమ్మాయి వచ్చి, వంద మీటర్ల పరుగు మాకు కూడా పెట్టండి అయ్యగారూ అని అడిగినది. వచ్చే ఏడు చూద్దామమ్మా అన్నాము. వచ్చే ఏడు ఆమెకు పెండ్లి జరిగి వేరే ఊరు వెళ్లిపోయినది. ఆమె ఎంత వేగముగా పరుగెత్తగలదో మాకు ఎన్నటికీ తెలియదు. మాకు చెడ్డ ఉద్దేశము లేదు. ద్వారములు చాలావరకు చెడ్డవారి వలన మూతపడవు, వచ్చే ఏడు చూద్దామనే మావంటి మంచివారి వలన మూతపడతాయి.

జెంట్రీ గారు వచ్చే ఏటి కొరకు ఆగలేదు. పదిహేడేండ్లకు తెడ్డు పట్టారు, ఇరవైమూడేండ్లకు క్లబ్బు పెట్టారు, ముప్పైఒక్క ఏండ్లకు గెలుపులు చాలించి ఇతరుల గెలుపుల కొరకు పనిచేశారు.

తెడ్డు వేసేవారు ముందు దిక్కు చూడలేరని పైన చెప్పాము. వారికి కనబడేది తాము దాటివచ్చిన నీరు మాత్రమే. గమ్యము వీపు వెనుక ఉంటుంది. అయినను లయ తప్పకుండా తెడ్డు వేస్తే పడవ చేరవలసినచోటికి చేరుతుంది. నూరేండ్ల పని వెనుక కూడా గమ్యము చూడకుండానే తెడ్డు వేసినవారు ఎందరో ఉంటారు. ఈ సంచికలో పేర్లు అచ్చయినవారితో పాటు పేర్లు అచ్చుకాని అటువంటివారిని కూడా మన చదువరులు ఒకసారి తలంచుకొందురు గాక. ఈసారి ఆటల పోటీల జాబితా వ్రాసేటప్పుడు వంద మీటర్ల పరుగు రెండుసార్లు వ్రాయడానికి మేము మరచిపోము.